చేతికియ్యని కత్తి

తలకాయల రాజమణి కొడుకు చెయ్యి నరికేసిందని గిర్నీ సుశీల చెప్పిందట. సుశీల ఆ మాట చెప్పింది జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడకు. ఆవిడ కూరగాయల మార్కెట్లో ఇంకో ఇద్దరి చెవిన వేసింది. మధ్యాహ్నానికి మాట కుల్చారం ఆటోలు ఆగే చోటికి చేరింది. అప్పటికి ఆ కొడుకు నవీన్ చెయ్యి మోచేతి దాకా తెగిపోయి ఉంది.

"నరికి ఊకున్నదా? అదే నెత్తుటి కత్తితోని ఇంకో ఏటు ఏసిందట. సుశీల కండ్లార చూసిందట. వణుకుడు రోగం నెత్తికెక్కిందట ముసలిదానికి."

తెగింది చెయ్యి కాదు, రెండు వేళ్లు. ఇంకో వేటు పడ్డ మాట మాత్రం నిజమే.

మెదక్‌లో ఖిల్లా కింది వీధిలో వాళ్లది కటిక దుకాణం. ముందు గదిలో కొడుకు నవీన్ మాంసం కొడతాడు. పక్కన రేకుల కింద రాజమణి తలకాయలు, కాళ్లు, బోటి అమ్ముతుంది. మొగుడు బతికి ఉన్నప్పటి నుంచి, అంటే నలభై ఏళ్లకు తక్కువ కాకుండా, ఆమె కూర్చునే చోటు అదే. మేక తలకాయను మంట మీద కాల్చి, మాడిన బొచ్చు గీకి, చింత మొద్దు మీద నిలబెట్టి, కొమ్ముల మధ్య వేటు వేస్తుంది. పుర్రె రెండుగా విచ్చుకోవాలి, లోపలి భేజా చెదరకూడదు. వేటు తప్పితే ఎముక పలుకులు భేజాలో దిగుతాయి, తినేవాడి పంటి కింద పడతాయి. తిట్లు ఇంటికి వస్తాయి. రాజమణికి అట్లాంటి తిట్లు తక్కువ. తిట్టినవాళ్లకు ఆమె తిరిగిచ్చిన తిట్లు ఎక్కువ.

ఆమెకు అరవై మూడో ఏట కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఊరికే ఆడడం మొదలైంది, లేని గింజనేదో నలుపుతున్నట్టు. తర్వాత మెడ బిగిసింది. అడుగులు చిన్నవయ్యాయి. గడప ముందుకు రాగానే కాళ్లు నేలకు అంటుకుపోయేవి. పైమనిషి ముందుకు పోదామంటుంది, కింది కాళ్లు రామంటాయి. హైదరాబాద్ డాక్టర్ పార్కిన్సన్స్ అన్నాడు. పోయే రోగం కాదు, నడుపుకోవాల్సిన రోగం అన్నాడు. రోజుకు మూడు మాత్రలు రాసి, మాత్రకు గంట అటూ ఇటూ మాంసం తినొద్దన్నాడు.

"కటికోళ్ల ఇంట్ల చెప్పే మాటనా సారూ ఇది?" అని రాజమణి నవ్వింది. అయినా ఆ మాట పాటించింది.

మెదక్ దవాఖానలో రోగులకు వ్యాయామాలు నేర్పే గిడియోన్ అని ఒకతను ఉన్నాడు. మొదటి రోజు ఆమె చేతిలో ఎర్ర రబ్బరు బంతి పెట్టి పిసకమన్నాడు. రాజమణి ఆ బంతిని కిటికీలోంచి బయటకు విసిరేసింది.

"నాకు బంతులెందుకు సారూ? ఆదివారమైతే ఇరవై తలకాయలు కొడ్త నేను."

గిడియోన్‌కు కోపం రాలేదు. తర్వాతి ఆదివారం దుకాణానికి వచ్చి, రేకుల కింద పీట వేసుకుని గంటసేపు కూర్చున్నాడు. ఒళ్లో ఉన్నప్పుడు ఆమె చెయ్యి గింజలు నలుపుతూనే ఉంది. కత్తి పిడి మీద పడగానే వణుకు ఎక్కడికో పోయింది. కత్తి లేచింది, దిగింది. ఠక్. పుర్రె విచ్చుకుంది. మళ్లీ ఠక్. ఆ చప్పుడు వరసలో పడ్డాక మెడ కూడా కాస్త వదులైంది.

"అమ్మా, మాత్ర సగం మందు, ఇది సగం మందు," అన్నాడు. "రెండిట్ల ఏదీ ఆపకు. మాత్ర ఏసుకున్న అరగంటకు మొదలువెట్టు, రెండు గంటల్ల లేవు. ఎడమ చేతికి మందం తొడుగు ఏసుకో. కాళ్లు అతుక్కుంటే భయపడకు. దేన్నన్న ఠక్ ఠక్‌మని కొట్టు, ఆ లెక్క మీద అడుగెయ్యి."

పోయేముందు నవీన్ దగ్గర ఆగాడు. "గట్టిగ పట్టుకున్నంక వేళ్లు ఎంటనే ఇడువవు ఆమెకు. తొందరపెట్టొద్దు. గుంజొద్దు." నవీన్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ తల ఊపాడు.

గుంజకూడదని నవీన్‌కు గిడియోన్ చెప్పాల్సిన పని లేదు. కటిక ఇంట్లో కత్తిని ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వరు. మొద్దు మీద పెడతారు, కావాల్సిన వాళ్లు తీసుకుంటారు. రాజమణి కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి మొగుడికి కత్తి చేతికి అందించబోతే అతను అరచేయి వాచేట్టు కొట్టాడు. "పిడికి కొవ్వు అంటుకొని ఉంటది. నువ్వు ఇడిసినవో లేదో నాకు తెల్వది, నేను పట్టిన్నో లేదో నీకు తెల్వది," అన్నాడు. నవీన్ ఆ పాఠం ఎనిమిదో ఏటనే నేర్చుకున్నాడు, అప్పుడు దెబ్బ తిన్న ఆ తల్లి చేతి దగ్గరే.

అట్లా నాలుగేళ్లు గడిచాయి. చెడింది పోయిన వానాకాలంలో. కొత్త కాలనీల నుంచి కార్లలో వచ్చే గిరాకీ ఒకడు రాజమణి ఒళ్లో వణికే చేతిని ఫోన్లో తీసి నలుగురికీ పంపాడు. ఆ చేతిని చూశారు గానీ, అది కత్తి పట్టినప్పుడు ఎవరూ చూడలేదు. "ఆ చేత్తోని కోసిన కూర ఎట్ల తింటరయ్యా?" అని దుకాణం ముందే అన్నారు. రెండు ఆదివారాలు గిరాకీ పలచబడింది. రెండో ఆదివారం మర్నాడు పని ముగిశాక, తల్లి కత్తులను నవీన్ మేకల దొడ్డిలో ఇనుప పెట్టెలో వేసి తాళం పెట్టాడు. మొద్దు భూమిలోకి దిగి ఉంది, కదలదు. దాని మీద బ్రాయిలర్ కోళ్ల పంజరం ఎక్కించాడు.

"రేపటి సంది కూసోకమ్మా. మస్తు చేసినవ్. ఇంక మంచం మీద రెస్ట్ తీస్కో."

రాజమణి చేతిలో అప్పుడే తీసిన భేజా పెట్టిన చిప్ప ఉంది. దాన్ని చిప్పతో సహా కొడుకు ముఖాన కొట్టింది. అంచు తగిలి అతని కనుబొమ్మ చిట్లింది.

"రెస్ట్ నీ అయ్యకియ్యిరా, కాటి కాడ పండుకున్నడు."

నవీన్ ముఖం తుడుచుకుని వెళ్లిపోయాడు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

మంచం మీద నలభై రోజులు. మొదటి వారం తిట్టింది. రెండో వారం రవిక హుక్కులు పెట్టుకోవడం చేతకాలేదు. మూడో వారం స్నానాల గది గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి, మనిషి ఆగలేదు. ముఖం సిమెంటు అంచుకు తగిలి పై పెదవి చీలింది. ముందు పళ్లు రెండు ఊడి నోట్లోనే ఉండిపోయాయి. కోడలు అంకిత పరుగున వచ్చేసరికి రాజమణి పళ్లను అరచేతిలో ఉమ్మి చూసుకుంటోంది.

"అత్తమ్మా, ఊకె ఎందుకు లేస్తవ్? పిలిస్తే రానా నేను?"

"నువ్వొస్తవ్. నా కాళ్లే రావు."

కుట్లు వేయించుకోవడానికి పోయినప్పుడు గిడియోన్ ఆమెను నడిపించి చూశాడు. నవీన్‌ను పక్కకు పిలిచి, "కూసోబెట్టి చంపుతున్నవ్," అన్నాడు.

"నా దుకాణం సంగతి నాకు తెల్వదా సార్?" అన్నాడు నవీన్.

ఇంటికొచ్చాక రాజమణి ఇనుప రోకలి ఒకటి వెతికి పట్టుకుంది. దానితో నేలను ఠన్ ఠన్‌మని కొడుతూ, ఆ లెక్క మీద అడుగులు వేస్తూ, ఇల్లంతా తిరిగేది. అంకితకు తలనొప్పి వచ్చింది. పక్కింటి సుశీల గోడ అవతల నుంచి, "రాజమణక్కా, గిర్నీ చప్పుడన్న నయమే!" అని అరిచింది. నవీన్ వచ్చి రోకలి లాక్కోబోయాడు. ఆమె మిగిలిన పళ్లతో అతని ముంజేయి కొరికింది. పంటి గాట్లు మూడు రోజులున్నాయి. రోకలి ఆమె దగ్గరే ఉండిపోయింది.

నలభై రోజులు దాటిన ఆదివారం పొద్దున ఆరింటికి మాత్ర వేసుకుంది. అరగంట మంచం మీద కూర్చుని కాళ్లు నేలకేసి ఆడించింది. లేచి దొడ్డిలోకి పోయి, రోకలితో ఇనుప పెట్టె తాళం మీద నాలుగు దెబ్బలు వేసింది. ఐదో దెబ్బకు కొండీ ఊడింది. తన పెద్ద కత్తి తీసుకుంది. కత్తి వెనక భాగంతో గోడను తడుతూ దుకాణం ముందుకు వచ్చింది. గిరాకీ మంచి జోరులో ఉంది. కార్లు రెండు, బండ్లు పది, బుట్టలు పట్టుకున్న ఆడవాళ్లు. ఎవరికీ ఏమీ చెప్పకుండా కోళ్ల పంజరాన్ని కాలితో తోసింది. అది మొద్దు మీద నుంచి పడి తలుపు ఊడింది. ముప్పై బ్రాయిలర్లు రోడ్డెక్కాయి. ఒకటి బండి చక్రం కింద పడి పేగులు బయటపెట్టింది.

"అమ్మా!" అని అరిచి నవీన్ కోళ్ల వెంట పరుగెత్తాడు. జనం నవ్వారు.

రాజమణి మొద్దు ముందు కూర్చుంది. నవీన్ కాల్చి కుప్ప పోసిన తలకాయల్లోంచి ఒకటి లాగింది. మొదటి వేటు పక్కకు పోయి కొమ్ము ఎగిరింది. రెండోదానికి పుర్రె సగమే విచ్చుకుంది. "థూ" అని ఉమ్మింది. మూడోది మేలు. ఐదో తలకాయకు చప్పుడు వరసలో పడింది. ఠక్. ఠక్. చూస్తున్న జనంలో నవ్వు ఆగింది. బుట్టతో ఉన్న ఒకావిడ ముందుకొచ్చి, "పెద్దమ్మా, నాకొకటి కొట్టు, పాయకు కాళ్లు నాలుగు," అంది. ఆమె వెనక ఇంకొకామె నిలబడింది.

నవీన్ తిరిగొచ్చాడు. జుట్టులో ఈకలు, మోకాలికి రక్తం, చేతికి దొరికినవి పదకొండు కోళ్లు. కారులోవాడెవడో, "మీ అమ్మే నయమున్నదన్నా, నువ్వు కోళ్లు పట్టుకో పో," అన్నాడు. ఆ మాట నవీన్ మెదడులో ఎక్కడ గుచ్చుకుందో ఏమో. సరాసరి వచ్చి తల్లి భుజం పట్టి వెనక్కి గుంజాడు.

"కత్తియ్యి."

"మొద్దు మీద పెడ్త. ఆగు."

"చేతికియ్యి అంటున్న!"

ఆమె పెట్టబోయింది. వేళ్లు విడవలేదు. అదరాబాదరాలో చెయ్యి పిడిని బిగించేసింది, ఎముకతో పోత పోసినట్టు.

"ఇడుస్తలేదురా, జర ఆగు. నవీన్, గుంజకు."

నవీన్ వినలేదు. కత్తి వెనక భాగాన్ని కుడిచేత్తో పట్టుకుని మెలితిప్పాడు. పిడి అంతా కొవ్వు. కత్తి ఆమె గుప్పిట్లోనే తిరిగింది. వెనక భాగం పైకి పోయి పదును అతని చేతిలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడు అతను బలమంతా పెట్టి లాగాడు.

చిటికెన వేలు, దాని పక్కది. రెండూ మొద్దు మీద పడి, అక్కడున్న మేక కాళ్ల మధ్యకు దొర్లాయి. నవీన్ వాటిని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు, మళ్లీ వాటిని చూశాడు. అప్పుడు రక్తం వచ్చింది. రాజమణి ముఖం మీదా, నోట్లోనూ, చీలి మానిన పెదవి మీదా పడింది. అతను గొంతు చీల్చుకుని అరుస్తూ కూలబడ్డాడు.

ఆమె చేతిలో కత్తి అట్లాగే ఉంది. కొడుకు చెయ్యి పట్టుకోవాలంటే కత్తి పోవాలి. చెయ్యి విడవడం లేదు. జనం భయపడి వెనక్కి తగ్గారు. రాజమణి కత్తి తలపైకి ఎత్తింది. గిర్నీ అరుగు మీదున్న సుశీల కెవ్వుమంది. ఉన్న బలమంతా పెట్టి మొద్దు మీద ఖాళీగా ఉన్న చోట వేసింది. కత్తి చింత చెక్కలో బెత్తెడు దిగి ఇరుక్కుంది. ఆ అదురుకు ఆమె వేళ్లు పిడిని విడిచాయి.

కొంగు చింపి అతని మణికట్టు బిగించి కట్టింది. వేళ్లను కవర్లో వేసి, ఆ కవర్‌ను సోడా దుకాణం మంచులో పెట్టించి, కొడుకును మేకలు తోలుకొచ్చే జహంగీర్ ఆటోలో ఎక్కించింది. ఇవన్నీ చేస్తున్నంతసేపూ ఆమె చెయ్యి వణకలేదు. ఆటో పోయాక మొదలైంది. భుజం నుంచి మొదలైంది.

హైదరాబాద్‌లో ఒక వేలు అతికింది. ఒకటి అతకలేదు. అక్కడి డాక్టర్లకూ, చుట్టాలకూ నవీన్ ఒకటే చెప్పాడు. "అమ్మకు రోగమొచ్చి ఏసింది."

మూడో రోజు అంకిత ఇంటికొచ్చింది. గుమ్మంలోనే చెప్పు విడిచి చేతబట్టి అత్తను కొట్టింది. చెంప మీద, మెడ మీద, మళ్లీ చెంప మీద. జుట్టు పట్టి లాగితే రాజమణి మంచం పట్టె మీద పడింది. పక్కటెముక దగ్గర ఏదో కలుక్కుమంది.

"ఇద్దరు పిల్లలున్నరు ఆయనకు! ఏం చేత్తోని సాదుతడు? చెప్పు, ఏం చేత్తోని!"

రాజమణి చెయ్యి ఎత్తలేదు. ఊపిరి అందాక అడిగింది. "రెండూ అతికినయా?"

అంకిత చెప్పు కింద పడేసి ఏడ్చింది.

దుకాణం మూడు వారాలు మూసే ఉంది. రేకుల కింద మొద్దులో కత్తి అట్లాగే నిలబడి ఉంది. ఎవరూ ముట్టలేదు. రక్తం ఎండి తుప్పులో కలిసిపోయింది. రాజమణి నేల మీద రోకలి కొడుతూ తిరుగుతూనే ఉంది. పక్కటెముక నొప్పికి ప్రతి అడుగుకూ మూలుగుతుంది, మళ్లీ కొడుతుంది.

మూడో శనివారం సాయంత్రం శివ్వంపేట నుంచి అంకిత వాళ్ల అన్న బాబు వచ్చాడు. అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం అతనిది. జహంగీర్‌ను కూడా పిలిపించారు. మేకలు అమ్మేవాడిగా, రాజమణి మొగుడి దోస్తుగా, ఆ ఇంట్లో అతనికి మాట చెల్లుతుంది. అందరూ రేకుల కిందే కూర్చున్నారు. నవీన్ కట్టుగట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు.

బాబు ముందే అన్నీ చూసుకుని వచ్చాడు. "అత్తమ్మా, మా దిక్కు ఒక ఆశ్రమం ఉంది. మంచిగ చూసుకుంటరు. నువ్వు లేసే పనే లేదు, మంచం మీదికే అన్నం తెచ్చిస్తరు. మంచం మీదనే అన్నీ."

మంచం అన్న మాటకు రాజమణి రోకలిని దగ్గరికి లాక్కుంది. "నన్ను పాతిపెట్టి మట్టి పొయ్యనీకె ఊరు కూడా చూసొచ్చినవా, బిడ్డా?"

"గట్లెందుకంటవ్? నీ మంచికే కదా. మనిషి చెయ్యి నరికినవ్, తెలుస్తున్నదా నీకు?"

"నేను నరకలే."

"మరి ఎవలు నరికిండ్రు? మొద్దా?"

జహంగీర్ నవీన్ వైపు తిరిగాడు. "బేటా, నన్ను చూడు. ఆమె చేతిలకెల్లి గుంజినవా?"

నవీన్ కట్టు వైపే చూస్తూ ఉన్నాడు. అంకిత మొగుడి ముఖం వైపు చూసింది. ఆ చూపు మెల్లగా కిందికి దిగింది, అత్త చెంప మీద ఇంకా పోని చెప్పు మచ్చ మీద ఆగింది.

"గుంజిండో లేదో, అదంతా ఇప్పుడెందుకు చాచా?" అని బాబు లేచాడు. "ముందు గీ కత్తి పాత సామాన్లోనికి ఏస్త. పొద్దున ఆమెను కార్ల కూసోబెడ్త. అయిపాయె."

మొద్దు దగ్గరికి పోయి కత్తి పిడి పట్టి లాగాడు. రాలేదు. కాలు మొద్దుకు తన్నిపెట్టి లాగాడు. రాలేదు. చెమట పట్టింది. జహంగీర్ మీసం తడుముకుంటూ నేల చూశాడు.

రాజమణి రోకలితో రెండుసార్లు నేల కొట్టి లేచింది. ఠన్ ఠన్‌మని ఐదడుగులు వేసింది. బాబును భుజంతో పక్కకు నెట్టింది. రోకలితో కత్తి పక్కన ఒక దెబ్బ, అటుపక్కన ఒక దెబ్బ వేసింది. పిడి పట్టి పైకి ఎత్తింది. కత్తి చెక్కను చీల్చుకుంటూ బయటికొచ్చింది. అందరూ లేచి ఒక అడుగు వెనక్కి వేశారు. నవీన్ గోడ దాకా జరిగాడు.

అయినా బాబు అరచేయి చాపాడు. "ఇయ్యి అత్తమ్మా. మెల్లగ నా చేతికియ్యి."

రాజమణి ఆ అరచేతిని చూసింది. అయిదు వేళ్లూ మెత్తగా, శుభ్రంగా ఉన్నాయి. కత్తిని మొద్దు నడుమ పెట్టింది. తన వేళ్లు విడిచేదాకా ఆగింది. ఒక్కొక్కటీ విడిచింది. చెయ్యి వెనక్కి తీసుకుంది, అది గింజలు నలుపుకుంటూ కొంగు కిందికి పోయింది.

"రేపు ఆదివారం. అయిదింటికి జహంగీరన్న పన్నెండు తలకాయలు పంపుతడు. కొట్టేటోళ్లు ఎవలో వాళ్లు కత్తి తీస్కోండ్రి."